అంగన్‌వాడీలో దేవుడు: నెల్లూరు తీరం నుంచి ఒక సమీక్ష

నెల్లూరు తీరంలో మూడేళ్ల పిల్లకు ప్రభుత్వం మొదటిసారి కనిపించేది అంగన్‌వాడీలోనే. రేషన్ షాపు, సచివాలయం, పోలీస్ స్టేషన్ అమ్మానాన్నల వ్యవహారం. అంగన్‌వాడీ మాత్రం ఆ పిల్లది. అక్కడ తినే గుడ్డు ప్రభుత్వానిది, కూర్చునే చాప ప్రభుత్వానిది, టీచరమ్మకూ ఆయమ్మకూ గౌరవ వేతనం ఇచ్చేదీ ప్రభుత్వమే. మరి అదే గదిలో పొద్దున్నే చేతులు జోడించి కళ్లు మూసుకోమన్నప్పుడు, ఆ మాట ఎవరిది? ఆ టీచరమ్మదా, ఊరిదా, ప్రభుత్వానిదా?

బడుల్లో మతం గురించి మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా హైస్కూళ్లు, పాఠ్యపుస్తకాలు, తలగుడ్డల చుట్టూ తిరుగుతుంది. ఆరేళ్లలోపు పిల్లలను ఎవరూ పట్టించుకోరు. వాళ్లకేం తెలుసులే అనుకుంటాం. వాళ్లకు తెలియకపోవడమే ఈ ప్రశ్నను బరువైనదిగా చేస్తోందని నా అభిప్రాయం. రామాయపట్నం నుంచి తడ దాకా ఉన్న ఈ తీరాన్ని దగ్గరగా చూస్తే, పెద్దపిల్లల కోసం మన చట్టం కనిపెట్టిన పరిష్కారం చిన్నపిల్లల దగ్గర ఎందుకు పనిచేయదో అర్థమవుతుంది. జిల్లా గీతలు మారి 2022లో సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, మత్స్యకారుల పాళెంలో బతుకు మారలేదు కాబట్టి ఇక్కడ అంతటినీ నెల్లూరు తీరమనే అంటున్నాను.

ముందు చట్టం సంగతి చూద్దాం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే ఏ విద్యాసంస్థలోనూ మతబోధన ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో మొదటి భాగం చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన, ప్రభుత్వ సాయం తీసుకునే మిగతా సంస్థల్లో మతబోధన, ప్రార్థన ఉండవచ్చు గాని ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదని, మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలని మూడో భాగం అంటుంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభ దీన్ని చర్చించినప్పుడు అంబేడ్కర్ చెప్పిన కారణాలు ఇవాళ్టికీ చదవదగ్గవి. అందరి పన్నులతో వచ్చిన డబ్బును ఒక్క మతం కోసం వాడటం తగదన్నారు. ఇన్ని మతాలున్న దేశంలో అన్నింటికీ సమానంగా బోధన ఏర్పాటు చేయడం సాధ్యం కాదన్నారు. తన దారి ఒక్కటే సరైనదని ప్రతి మతమూ చెప్పుకుంటుంది గనక ఆ పోటీని బడిలోకి తేవడం సమాజానికి మంచిది కాదన్నారు.

అయితే అంగన్‌వాడీ విద్యాసంస్థేనా? 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో అది పుట్టింది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షల పక్కన పూర్వ ప్రాథమిక విద్య కూడా దాని పనే. విద్యాశాఖ కింద కాక స్త్రీ శిశు సంక్షేమ శాఖ కింద ఉండటంతో, మనవాళ్ల కళ్లకు అది అన్నం పెట్టే కేంద్రంగానే మిగిలిపోయింది. 2002లో 86వ సవరణ 45వ అధికరణాన్ని మార్చి, ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించే బాధ్యతను రాజ్యం మీద పెట్టింది. 2009 విద్యాహక్కు చట్టంలో 11వ సెక్షన్ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు చేయవచ్చని చెప్పింది. అసలు మలుపు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. గుజరాత్‌కు చెందిన అంగన్‌వాడీ కార్యకర్తల గ్రాట్యుటీ కేసులో, ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు జరుగుతున్నది పూర్తిగా విద్యా కార్యకలాపమేనని, అది విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ ప్రకారమే నడుస్తోందని సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒక రిటైరైన టీచరమ్మకు రావాల్సిన డబ్బు కోసం చెప్పిన మాట, మతం ఊసు అందులో లేదు. అయినా విద్య అని ఒకసారి తేలాక, నిధులన్నీ ప్రభుత్వానివే అయ్యాక, 28వ అధికరణం అంగన్‌వాడీ గడప దాటి లోపలికి రాదని వాదించడం కష్టం.

మతం గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరని మన కోర్టులు పదేపదే అన్నాయి. 1971లో పంజాబ్ డీఏవీ కాలేజీ కేసులో గురునానక్ జీవితాన్ని, బోధనలను చదివించడం మతబోధన కాదన్నారు. 2002లో అరుణా రాయ్ కేసులో అన్ని మతాల సారాన్ని పిల్లలకు పరిచయం చేయడం రాజ్యాంగానికి విరుద్ధం కాదన్నారు. కాలేజీ కుర్రవాడి విషయంలో ఈ తేడా నిలుస్తుంది. నాలుగేళ్ల పిల్ల దగ్గర నిలవదు. ఆ వయసులో తెలుసుకోవడమంటే చేయడమే. దండం గురించి చెబితే వినదు, దండం పెట్టి చూపిస్తే పెడుతుంది. పటం ముందు అగరుబత్తి వెలిగిస్తే, ఇది కొందరి ఆచారమని విడమరిచి చెప్పినా ఆ మాట చెవికెక్కదు, వాసన మాత్రం గుర్తుంటుంది. కాబట్టి 'పరిచయమే కదా' అన్న సమాధానం ఆరో తరగతికి సరిపోవచ్చేమో గాని ఇక్కడికి సరిపోదు.

ఈ తీరంలో పలకా దేవుడూ కలిసి రావడం కొత్తేమీ కాదు. వీధి అరుగు మీద అయ్యవారు ఇసుకలో వేలు పట్టి రాయించిన కాలంలో మొదటి అక్షరాలే శివుడికి నమస్కారం. ఆ అరుగు ఎక్కే అర్హత మాలమాదిగ పిల్లలకు, యానాది పిల్లలకు లేదు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో స్థిరపడటంతో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలైంది. 1876-78 కరువులో ఆ మిషన్‌కు చెందిన జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగలకు పని ఇచ్చాడు. కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం జరిగింది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాత పల్లెపల్లెనా వచ్చిన మిషన్ బడుల్లో చదవడం నేర్చుకోవడమంటే బైబిలు చదవడమే. రామాయపట్నంలో బోధకులను తయారు చేసే సెమినరీ కూడా ఆ దశాబ్దంలోదే. దళితవాడకు పలకను మోసుకొచ్చింది మతమేనన్న నిజాన్ని సెక్యులర్ వాదన చేసేవాళ్లు దాటేయకూడదు. మిగతా బడులన్నీ తలుపు మూసిన రోజుల్లో తెరిచిన తలుపు అది.

అదే తీరంలో దాని చీకటి ముఖమూ ఉంది. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన కావలి సెటిల్‌మెంటును ప్రభుత్వం నడపమని అప్పగించింది ఈ బాప్టిస్టు మిషన్‌కే. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఖర్చు సర్కారుది, కాపలా పోలీసులది, బోధన మిషనరీది. వద్దనే అవకాశం ఏ తల్లికీ లేదు. ప్రభుత్వ బలం, మతం, పసిపిల్లలు ఒక్కచోట కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మనం ఐరోపా చరిత్ర వెతుక్కోనక్కర్లేదు, కావలి చాలు.

వలస ప్రభుత్వం కాగితం మీద మాత్రం తటస్థంగానే ఉండేది. 1854 నాటి ఉడ్ తాఖీదు ప్రభుత్వ బడుల్లో మతబోధన వద్దంది. బైబిలు గ్రంథాలయంలో ఉండవచ్చు, పిల్లలు బడి వేళల తర్వాత అడిగితే పంతులు చెప్పవచ్చు అంది. మిషన్ బడులకు మాత్రం చదువు నాణ్యత చూసి గ్రాంటు ఇచ్చింది, మతం జోలికి పోలేదు. ఆ బడుల్లో బైబిలు పాఠం నుంచి హిందూ, ముస్లిం పిల్లలకు మినహాయింపు కావాలని తర్వాతి తరాలు కోరాయి. ఇవాళ్టి 28వ అధికరణం మూడో భాగంలో ఉన్నది ఆ మినహాయింపు ఆలోచనే. 1921 ఏప్రిల్‌లో పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించిన గాంధీ, ఆ తర్వాత వార్ధా విద్యా ప్రణాళికలో మతబోధనకు చోటివ్వలేదు. మతాలను ఇప్పుడు బోధిస్తున్న తీరు ఐక్యతకు కాక తగాదాకే దారి తీస్తోందని ఆయన ఇచ్చిన వివరణ. అంతటి భక్తుడు ఆ మాట అనడంలో ఉన్న బరువు వేరు.

ఇక ఇప్పటికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 55 వేల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. అవి ఊరికొకటి కాదు, ఆవాసానికొకటి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నుంచి ఇచ్చిన ఆదేశాలు ప్రతి ఆవాసంలోనూ కేంద్రం ఉండాలని, దళిత, గిరిజన వాడలకు ముందు ఇవ్వాలని, పిల్లల సంఖ్య తగినంత ఉంటే అడిగిన వాడకు ఇవ్వాలని చెప్పాయి. ఎంతో మంచి ఆదేశాలవి. అవి లేకపోతే గిరిజన కాలనీల్లో గుడ్డు దొరికేది కాదు. కానీ మన ఆవాసాలు కులం గీసిన గీతలు. పట్టపుపాళెం వేరు, దళితవాడ వేరు, యానాదుల కాలనీ వేరు, అసలు ఊరు వేరు. అందుకని ఒక్కో కేంద్రంలో పిల్లలంతా దాదాపు ఒకే కులం, ఆ దారిలోనే ఒకే మతం. గంగమ్మకు మొక్కుకుని పడవ ఎక్కే పాళెంలో ఒకటి రెండు క్రైస్తవ విశ్వాసుల కుటుంబాలుంటాయి. ఆదివారం మైకులో పాటలు వినిపించే దళితవాడలో అంకమ్మను వదలని ఇల్లు ఒకటి ఉంటుంది. దేశం మొత్తం మీద ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ప్రతి కేంద్రానికీ దాని మెజారిటీ ఉంది. రాష్ట్రంలో మైనారిటీ అయిన మతం పక్క వీధిలో మెజారిటీ. అల్పసంఖ్యాకుడు ఎప్పుడూ ఒక్క పిల్లే, ఆ పిల్లకు నాలుగేళ్లు.

అలాంటి ఒక పాళెంలో కేంద్రం లోపల పొద్దుటి పూట ఎలా ఉంటుందో చెబుతాను. గోడ మీద కూరగాయల చార్టు, పండ్ల చార్టు, అక్షరాల చార్టు. వాటి మధ్య ఎవరో దాత ఇచ్చిన క్యాలెండర్ మీద సరస్వతీదేవి, ఎండిన బంతిపూల దండ. పదిన్నరకు పిల్లలు వరుసగా కూర్చుంటారు. టీచరమ్మ ఒక శ్లోకం అందుకుంటుంది, పిల్లలు తోక పదాలు మాత్రం గట్టిగా పలుకుతారు. "కళ్లు మూసుకోండి నాయనా, సామికి దండం పెట్టుకోండి" అంటుంది ఆయమ్మ. వెనక వరుసలో ఒక పిల్ల చేతులు జోడిస్తుంది, కళ్లు మూసుకుంటుంది, అందరూ ఆపేశాక ఇంట్లో అలవాటు ప్రకారం చిన్నగా "ఆమెన్" అంటుంది. పక్క పిల్లలు నవ్వుతారు. ఆయమ్మ కూడా నవ్వుతుంది. ఆ నవ్వులో పగ లేదు. ఆ పిల్ల తల్లిని అడిగితే, "ఏ దేవుడైతే ఏందిలేమ్మా, బిడ్డకింత అన్నం పెడతన్నారు గదా" అంటుంది. ఆ మాటను ఉదారతగా తీసుకుని మురిసిపోవచ్చు. నాకు మాత్రం అందులో వేరే లెక్క కనిపిస్తుంది. దాని దగ్గరికి వస్తాను.

దళితవాడలో ఇదే దృశ్యం తిరగబడుతుంది. సొంత భవనం లేక కేంద్రం చర్చి పక్క గదిలో నడుస్తుంటే గోడ మీద వాక్యం ఉంటుంది, టీచరమ్మ ప్రార్థనతో మొదలుపెడుతుంది. ఊళ్లో రామమందిరంలో నడిచే కేంద్రానికి మరో చిక్కు ఉంది. గుడి ఆవరణ కాబట్టి గుడి నియమాలు వస్తాయి. నెలలో కొన్ని రోజులు ఆయమ్మ లోపలికి రావాలా వద్దా, ఏ వాడ పిల్లలు ఎంతవరకు రావచ్చు, గుడ్డు అక్కడ ఉడికించవచ్చా? మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజన ప్రవేశం కోసం పొట్టి శ్రీరాములు 1946లో నిరాహార దీక్ష చేసిన నెల్లూరు ఇది. ఒక పసిపిల్లల కేంద్రం ఆ పాత తగాదాలోకి మళ్లీ ఎందుకు వెళ్లాలి? నా దృష్టిలో ఈ సమస్యలో సగం సొంత భవనాలతోనే తీరుతుంది.

గుడ్డు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టడానికి నిరాకరించింది. కర్ణాటకలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టడాన్ని కొన్ని మఠాలు వ్యతిరేకించాయి. చేపలు పట్టి బతికే ఈ తీరంలో ఆ గొడవ లేదు. తినని ఇంటి పిల్లకు బదులు ఇంకొకటి ఇవ్వడమూ కష్టం కాదు. ఒకరి నియమం కోసం అందరి పళ్లెంలోంచి గుడ్డు తీసేయడం మాత్రం తటస్థత కాదు.

ప్రార్థన కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి వేడుకలు. 2018 మార్చిలో మొదలైన పోషణ్ అభియాన్ అంగన్‌వాడీల్లో ప్రతి నెలా సామూహిక కార్యక్రమాలు జరపమంది. ఆరు నెలల బిడ్డకు అన్నప్రాశన, గర్భిణికి సీమంతం, మూడేళ్లు నిండి కేంద్రంలో చేరే పిల్లకు స్వాగతం. వాటి ఉద్దేశం ఆరోగ్యం. తల్లిపాలతో పాటు పైఆహారం ఆరు నెలలు నిండగానే మొదలుపెట్టాలని చెప్పడానికి అన్నప్రాశన కన్నా అందరికీ తెలిసిన సందర్భం లేదు. దాన్ని ఎంచుకున్న అధికారి తెలివిని మెచ్చుకోవాలి. పుట్టింటికి స్తోమత లేని యానాది అమ్మాయికి ప్రభుత్వమే గాజులు తొడిగి పండ్లు చేతిలో పెడితే ఆమె ముఖంలో కనిపించే వెలుగు చిన్నదేం కాదు. కానీ పసుపు, కుంకుమ, గాజుల చుట్టూ తిరిగే ఈ వేడుకలో ముస్లిం గర్భిణి, విశ్వాసుల ఇంటి గర్భిణి బొట్టు దగ్గరకు వచ్చేసరికి తల పక్కకు తిప్పుకోవాలా, పెట్టించుకుని ఇంటికెళ్లి తుడుచుకోవాలా? భర్త పోయిన టీచరమ్మ, తాను బరువు తూచి మాత్రలిచ్చి తొమ్మిది నెలలు చూసుకున్న ఆడపిల్లకు బొట్టు పెట్టడానికి వెనక్కి తగ్గి, ఇంకెవరినో పిలుస్తుంది. ప్రభుత్వం పిలిచిన పేరంటంలో అలా జరగకూడదు.

సామూహిక అక్షరాభ్యాసం ఇంకాస్త సున్నితమైనది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో దీన్ని జరుపుతున్నారు. తెలంగాణ బడిబాటలో అది ఒక రోజు కార్యక్రమమే. ప్రైవేటు నర్సరీలకు తరలిపోతున్న పిల్లల్ని నిలుపుకోవాలన్న తపన దాని వెనక ఉంది. ఆ తపన నాకూ ఉంది. బియ్యంలో వేలితో రాయించడమైనా, పలక మీద బలపంతో రాయించడమైనా తల్లి ఒడిలో కూర్చుని రాసిన ఆ మొదటి అక్షరం ఇంటికి పండగ. ముస్లిం ఇళ్లలో బిస్మిల్లా వేడుక ఉంది. క్రైస్తవ ఇళ్లలో పాస్టరు ప్రార్థన చేసి రాయిస్తాడు. అంటే చదువు మొదలును పవిత్రంగా చూడటం ఈ తీరంలో అన్ని ఇళ్లలోనూ ఉంది. దాన్ని ఒక్క ఇంటి పద్ధతిలో సర్కారు జరిపినప్పుడే మిగతా ఇళ్లు చుట్టాలుగా మారిపోతాయి.

దీనికి మన చట్టం దగ్గరున్న జవాబు మినహాయింపు. ఇష్టం లేకపోతే చెప్పండి, మీ బిడ్డను పక్కన కూర్చోబెడతాం. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసు ఈ దారికి గొప్ప ఉదాహరణ. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. పాడకపోయినా వాళ్లు గౌరవంగా నిలబడ్డారని, వాళ్ల విశ్వాసాన్ని కాపాడాలని తీర్పు రాసింది మన తెలుగువాడైన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. ఆ తీర్పు ముందు తల వంచాల్సిందే. కానీ ఆ పిల్లలు తమకేం కావాలో చెప్పగల వయసువాళ్లు, తండ్రి కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, కుటుంబం సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగింది. పాళెంలో నాలుగేళ్ల పిల్ల నోరు తెరిచి ఏం చెబుతుంది? ఆమె తల్లి ఏ ధైర్యంతో చెబుతుంది? ఊరి పెద్దలు దురాయి (కట్టుబాటు) వేస్తే సముద్రం మీదికి పడవ కదలని పాళెంలో బతకాల్సిన మనిషి ఆమె.

దళిత క్రైస్తవ కుటుంబాలకు ఇంకా గట్టి చిక్కుముడి ఉంది. పాళెం తల్లి అన్న ఆ మాటే వాళ్ల నోటా వస్తే, అందులో నాకు కనిపించే లెక్క ఇదే. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మతం మారిన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తారు. 2024 నవంబరులో సెల్వరాణి కేసులోనూ, క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే పెద్ద చర్చ. అది ఉన్నంత కాలం ఈ తీరంలో ఎన్నో కుటుంబాలు సర్టిఫికెట్టులో ఒకటి, ఆదివారం నాడు ఒకటిగా బతుకుతూనే ఉంటాయి. అలాంటి తల్లి అంగన్‌వాడీకి వచ్చి, "మేం ప్రార్థనకెళ్లేవాళ్లం, మా బిడ్డ చేత శ్లోకం చెప్పించొద్దు" అనడమంటే ప్రభుత్వ ఉద్యోగి ముందు మతం ప్రకటించడమే. ఆ ఒక్క మాటకు రేపు బిడ్డ స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, ఉద్యోగం తాకట్టు పడవచ్చు. అందుకే ఆమె "ఏ దేవుడైతే ఏందిలే" అంటుంది. ఆమె నోట మినహాయింపు అడిగించే చట్టం ఆమెను కాపాడదు, బయటపెడుతుంది. ఎవరూ ఏమీ అడగనవసరం లేని గది కావాలి ఆమెకు. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే చోటుకు రాజ్యాంగం 28వ అధికరణం మొదటి భాగంలో సమ్మతి, మినహాయింపు అనే మాటలే లేకుండా, అసలు ఉండకూడదని రాసింది ఎంత ముందుచూపో ఇక్కడ తెలుస్తుంది.

బయటి దేశాల అనుభవమూ ఇటే చూపిస్తోంది. 1962లో ఎంగెల్ కేసులో న్యూయార్క్ బడుల్లో చెప్పించిన చిన్న ప్రార్థన ఏ ఒక్క మతశాఖదీ కాదు, వద్దనుకున్న పిల్లలు మౌనంగా ఉండవచ్చు, బయటికి వెళ్లవచ్చు. అయినా అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదంది. ప్రభుత్వ బలం ఒక విశ్వాసం వెనక నిలబడ్డప్పుడు తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల మీద పడే ఒత్తిడిని మినహాయింపు తీసేయలేదన్నది అందులో సారం. రోజువారీ ప్రార్థన బడికి తప్పనిసరి చేసిన ఇంగ్లండులో కూడా ఆ నియమం నర్సరీ పిల్లలకు వర్తించదు. ఇటలీ తరగతి గదుల్లో శిలువ ఉండవచ్చని 2011లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఒప్పుకుంది. గోడ మీది శిలువ ఎవరి చేతా ఏమీ చేయించదన్నది దాని వాదన. నేను దాంతో ఏకీభవించను గాని, గోడ మీది బొమ్మకూ నోట పలికించే ప్రార్థనకూ తేడా ఉందన్న మాట తీసుకోదగ్గదే. మనకు అన్నింటికన్నా దగ్గరగా ఉన్నది కెనడాలోని క్విబెక్. ప్రభుత్వ సాయంతో నడిచే శిశు కేంద్రాల్లో మతబోధన చేయరాదని 2010 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించి, మరుసటి ఏడాది అమలు చేసింది. పండగలు జరుపుకోవచ్చు, క్రిస్మస్ చెట్టు పెట్టుకోవచ్చు, విశ్వాసాన్నీ ఆచారాన్నీ నేర్పే కార్యక్రమం మాత్రం కూడదు. పండగ ఎక్కడ ముగిసి పూజ ఎక్కడ మొదలవుతుందో గీయడం అక్కడా సులువు కాలేదు. కానీ ఆ గీత గీయాల్సింది ప్రభుత్వమేనని, ఆ బరువు తల్లిదండ్రుల మీద వేయకూడదని వాళ్లు గుర్తించారు. మన దగ్గర కేంద్రీయ విద్యాలయాల ప్రార్థనపై వచ్చిన పిటిషన్‌ను 2019 జనవరిలో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి నివేదించింది. అంగన్‌వాడీ తల్లి తరఫున అలాంటి పిటిషన్ వేసేవాళ్లు ఎవరుంటారు?

ఇదంతా వింటే నెల్లూరువాళ్లు ఒక మాట అంటారు. మా దగ్గర ఈ భేదాలు లేవయ్యా, రొట్టెల పండగ చూడు అని. నిజమే. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, హిందూ స్త్రీ ముస్లిం స్త్రీ చేతి నుంచి రొట్టె తీసుకుంటుంది. సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, వాటి పక్కనే చదువు రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి పంచుతారు. బిడ్డ చదువు కోసం మతం గీత దాటి చెరువులో దిగిన తల్లుల ఊరు ఇది. దాన్ని చూసి గర్వపడతాను. అయితే ఆ చెరువులోకి ఎవరూ ఎవరినీ వరుసలో నిలబెట్టి తీసుకెళ్లలేదు. ఆమె తన కాళ్ల మీద వచ్చింది, తనకు కావాల్సిన రొట్టె అడిగింది, ఇష్టం లేనివాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఆ సామరస్యాన్ని చూపించి అంగన్‌వాడీలో అందరి చేతా ఒకే దండం పెట్టించడాన్ని సమర్థించుకోలేం.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. శ్లోకం, వేడుక, పటం తీసేస్తే మిగిలేది పొడిపొడి గది, అందులో పిల్లలకు మన సంస్కృతి ఎక్కడుంటుంది అంటారు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పిల్లల ఎదుగుదలను పంచకోశాల భావనతో వివరించింది. శరీరం, ప్రాణం, మనసు, బుద్ధి, ఆనందం అన్నీ ఎదగాలనడంలో నాకు తగాదా లేదు. సంస్కృతి అంటే పూజ ఒక్కటేనన్న ఊహతోనే తగాదా. ఈ తీరంలో నాలుగేళ్ల పిల్లకు ఇవ్వడానికి ఎంత ఉంది! వల అల్లే తాత వేళ్ల లెక్క, అమ్మమ్మ లాలిపాట, పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు, యానాది పెద్దాయన చెప్పే పాముల, చెట్ల కబుర్లు, పంచతంత్రం కాకి, నక్క. ఉగాదికి పచ్చడి, రంజాన్‌కు సేమ్యా, క్రిస్మస్‌కు కేకు. ఆ ఇంటి తల్లి వచ్చి తన పండగ గురించి చెప్పి, తన చేత్తో పిల్లలకు పెడితే, అది వాళ్ల పక్క పిల్ల ఇంటి పండగ. దండం పెట్టాల్సిన పని ఎవరికీ లేదు.

దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. గౌరవ వేతనం కోసం 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చిన టీచరమ్మల మీద ఇంకో నియమం రుద్ది, తప్పు వాళ్లదే అనడం అన్యాయం. తమకు తెలిసిన ప్రార్థనతో వాళ్లు రోజు మొదలుపెట్టారంటే, అంతకన్నా మంచి మొదలు ఎవరూ వాళ్లకు చెప్పకపోవడమే కారణం. శాఖ వాళ్లకు ఒక చిన్న తెలుగు కరపత్రం ఇవ్వాలి. పొద్దున మొదలు ఒక ఆట పాటతో, అన్నం ముందు వండిన ఆయమ్మకూ పండించిన రైతుకూ చేప తెచ్చిన నాన్నకూ కృతజ్ఞతతో. సీమంతం పేరు అలాగే ఉండనీ, గాజులూ పండ్లూ ఉండనీ, బొట్టు అడిగినవాళ్లకు మాత్రమే, పెట్టేది ఆ కేంద్రం టీచరమ్మే, ఆమె భర్త ఉన్నాడా లేడా అన్న ప్రశ్న లేకుండా. అక్షరాభ్యాసం రోజు పూజ ఎవరింట్లో వాళ్లు చేసుకుని రావచ్చు, కేంద్రంలో మాత్రం తల్లి ఒళ్లో కూర్చుని పలక మీద 'అ' రాయడం. గుడిలోనో చర్చిలోనో నడుస్తున్న కేంద్రాలకు సొంత భవనాల మంజూరులో మొదటి వరుస. ఏ కుటుంబాన్నీ మతం అడగరాదన్నది కరపత్రంలో అన్నింటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇంత రాయడానికి చట్టం మార్చనక్కర్లేదు, రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ డైరెక్టరు సంతకంతో ఒక మెమో చాలు. సీడీపీఓ నెలవారీ సమావేశంలో సూపర్‌వైజర్లకు చదివి వినిపిస్తే, వచ్చే వారానికి మైపాడు పాళెం దాకా, ఇరకం దీవి దాకా చేరుతుంది.